మాజీ సైనికుల పిల్లల చదువు: ఏ సాయం ఎక్కడిది, ఏ కాగితం దేనికి

ఇంటర్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు ముగిసే దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మాజీ సైనికుల ఇళ్లలో ఒకే ప్రశ్న నలుగుతూ ఉంటుంది: "మిలటరీ కోటాలో మన పిల్లకి ఏం వస్తుంది?" తెలిసినవారిని అడిగితే ఒకరు ఏడాదికి 36,000 రూపాయలు వస్తాయంటారు, ఇంకొకరు అసలేమీ రావంటారు, మరొకరు డబ్బు రాదు గానీ సీటు వస్తుందంటారు. ముగ్గురూ తమ అనుభవం మేరకు నిజమే చెబుతారు. మిలటరీ కోటా అనే పేరుతో ఒక పథకమంటూ లేదు. రక్షణ శాఖ ద్వారా వచ్చే ఉపకార వేతనం, అదే శాఖ మరో నిధి నుంచి ఇచ్చే చదువు గ్రాంటు, పోరులో మరణించిన లేదా వికలాంగులైన సైనికుల పిల్లలకు ఫీజుల చెల్లింపు, ఉన్నత విద్య ప్రవేశాల్లో రాష్ట్రం ఇచ్చే రిజర్వేషను, సైనిక పాఠశాలల్లో వాటా, ఇన్నింటినీ కలిపి జనం ఆ ఒక్క మాటతో పిలుచుకుంటున్నారు. దేని నిధి దానిది, దేని గడువు దానిది. ఎవరి పిల్లలు అర్హులన్నది కూడా ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటుంది కనుక ముందు ఆ ముడి విప్పుకుంటే తక్కినవి తేలిగ్గా అర్థమవుతాయి.

ఉత్తరాంధ్రలో ఒకే ఊరి నుంచి ముగ్గురు యూనిఫాం వేసుకుని వెళ్లారనుకుందాం. ఒకరు సైన్యంలోని ఫిరంగి దళమైన ఆర్టిలరీలో పనిచేసి హవల్దారుగా విరమణ పొందారు. రెండోవారు సీఆర్పీఎఫ్‌లో అంతే కాలం పనిచేసి ఇంటికి వచ్చారు. మూడో అబ్బాయి ఈ మధ్యనే అగ్నివీరుడిగా చేరాడు. ఊరివాళ్ల దృష్టిలో ముగ్గురూ మిలటరీవాళ్లే. ప్రభుత్వ నియమాల్లో మాత్రం ముగ్గురిదీ మూడు దారులు. త్రివిధ దళాల్లో పనిచేసి పింఛనుతో విరమించినవారు, సైనిక సేవ కారణంగా కలిగిన వైకల్యంతో వైద్యపరంగా బయటకు పంపబడినవారు, నిర్ణీత సర్వీసు ముగించి గ్రాట్యుటీతో విడుదలైనవారు మాజీ సైనికోద్యోగుల కిందికి వస్తారు. పింఛనుకు అర్హత రాకముందే సొంత కోరికపై వచ్చేసినవారు, క్రమశిక్షణ చర్య కింద తొలగింపునకు గురైనవారు ఆ కిందికి రారు. కాబట్టి ముగ్గురిలో మొదటి వ్యక్తి ఒక్కరే, మాజీ సైనికుల సంక్షేమం చూసే రక్షణ శాఖ సంస్థ కేంద్రీయ సైనిక్ బోర్డు పథకాలకూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికీ సంబంధించినవారు.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి దళాలు హోం మంత్రిత్వ శాఖ కింద ఉంటాయి. వాటి నుంచి విరమించినవారికి 2012 నవంబరులో 'మాజీ కేంద్ర సాయుధ పోలీసు దళ సిబ్బంది' అన్న గుర్తింపు ఇచ్చారే గానీ, అది మాజీ సైనికోద్యోగి హోదాతో సమానం కాదు. వారి పిల్లల ఉపకార వేతనాన్ని ఆ శాఖలోని సంక్షేమ, పునరావాస బోర్డు చూస్తుంది. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. ఈ సంగతి ముందే తెలియక, కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో వివరాలు నింపుతూ, తిరస్కరణలు ఎదుర్కొంటూ అసలు పోర్టల్‌లో గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను చూస్తే మనసు కష్టపడుతుంది. మొత్తమూ, అర్హత మార్కులూ అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. వెళ్లవలసిన గుమ్మమే వేరు.

అగ్నివీరుల విషయం ఇంకా కఠినం. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ షరతుల ప్రకారం నాలుగేళ్ల సేవ తర్వాత 25 శాతం వరకు మాత్రమే శాశ్వత కేడర్‌లోకి తీసుకుంటారు. మిగిలినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. తొలి బ్యాచ్ నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి పూర్తవుతూ వస్తుంది. అంటే ఆ హోదా మీద ఆధారపడిన చదువు సాయాలేవీ వారి పిల్లలకు ఇప్పటి నియమాల ప్రకారం వర్తించవు. సైనిక నియామక ర్యాలీకి తయారవుతూ తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు తీస్తున్న కుర్రవాళ్లకు ఈ మాట ముందుగా, స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత శిక్షణ ఇచ్చేవారి మీద ఉందని నా అభిప్రాయం.

ఇక డబ్బు రూపంలో వచ్చే సాయాల్లో పెద్దది ప్రధానమంత్రి ఉపకార వేతన పథకం. జాతీయ రక్షణ నిధి నుంచి 2006-07లో మొదలైంది. 2019-20 నుంచి అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు నెలకు 3,000 రూపాయల లెక్కన ఇస్తున్నారు; సొమ్మును నెలనెలా కాకుండా ఏడాదికి ఒకసారి బ్యాంకు ఖాతాలో వేస్తారు. అంటే నాలుగేళ్ల బీటెక్ చదివే అమ్మాయికి మొత్తం 1,44,000 రూపాయలు. త్రివిధ దళాలు, తీరరక్షక దళం నుంచి విరమించినవారి పిల్లలకు ఏటా దేశం మొత్తం మీద 5,500 మందికి, అందులో సగం అమ్మాయిలకు, సగం అబ్బాయిలకు కొత్తగా మంజూరు చేస్తారు.

ఇక్కడ మూడు చోట్ల కుటుంబాలు పొరబడతాయి. మొదటిది కోర్సు. ఈ వేతనం వృత్తివిద్యా కోర్సులకే. బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ వంటివి వస్తాయి గానీ సాధారణ బీఏ, బీకాం, బీఎస్సీ రావు. రెండోది సమయం. మొదటి సంవత్సరంలో చేరిన ఏడాదే దరఖాస్తు చేయాలి. డిప్లొమా తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరేవారికి మినహాయింపు ఉంది. "ఈ ఏడాదికి మానేద్దాం, వచ్చే ఏడాది పెడదాం" అనుకున్నవారికి ఆ వచ్చే ఏడాది ఉండదు. మూడోది, అన్నిటికన్నా ఎక్కువ నిరాశ కలిగించేది, మార్కుల సంగతి. ఇంటర్‌లో 60 శాతం ఉండాలన్నది దరఖాస్తుకు కావలసిన కనీస అర్హత మాత్రమే. ఎంపిక ప్రాధాన్య క్రమంలో జరుగుతుంది: పోరులో మరణించినవారి పిల్లలు, పోరులో వికలాంగులైనవారి పిల్లలు, సేవ కారణంగా మరణించినవారి, వికలాంగులైనవారి పిల్లలు, శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు ముందుంటారు. ఆ తర్వాతే సాధారణంగా విరమించిన జవాన్లు, జేసీవోల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) పిల్లలు వస్తారు. మన జిల్లాల దరఖాస్తుల్లో అత్యధికం ఈ చివరి వర్గానివే కనుక, మిగిలిన స్థానాల కోసం పోటీ అంతా అక్కడ మార్కుల మీదే నడుస్తుంది. 65 శాతం తెచ్చుకున్న పిల్లకు వేతనం రాకపోతే ఆఫీసువాళ్లు ఏదో చేశారని అనుకోవడం సహజమే గానీ, కారణం చాలాసార్లు ఈ వరసలోనే ఉంటుంది. వచ్చినవారు కూడా ఏటా పాసై కనీసం 50 శాతం మార్కులు నిలుపుకుంటేనే తరువాతి ఏడాది సొమ్ము అందుతుంది.

రెండోది చదువు గ్రాంటు. ఇది రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వస్తుంది. ఆ నిధికి ఆధారం సాయుధ దళాల పతాక నిధి, అంటే ఏటా డిసెంబరు 7న బడిపిల్లల చొక్కాలకు చిన్న జెండా గుచ్చి, డబ్బాలో వేయించుకునే చిల్లర కూడా అందులో భాగమే. హవల్దారు, దానికి సమానమైన హోదా వరకు ఉన్నవారి పిల్లల్లో ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఇస్తారు. చాలాకాలం నెలకు 1,000 రూపాయలుగా ఉన్న ఈ గ్రాంటును 2025 అక్టోబరులో 2,000కు పెంచారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు పెంపు వర్తిస్తుంది. భర్తను కోల్పోయిన స్త్రీ రెండేళ్ల పీజీ చదువుకుంటే ఆమెకూ ఇదే మొత్తం ఇస్తారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదికి 48,000 రూపాయలంటే నాయక్ హోదాలో విరమించిన పల్లెటూరి సైనికుడి కుటుంబానికి చిన్న మొత్తం కాదు. అయినా ఉపకార వేతనం గురించి తెలిసినంతగా దీని గురించి మన వైపు తెలియదు. ప్రధానమంత్రి పేరున్న పథకానికి ప్రచారం ఎక్కువ. ఒకటో తరగతి పిల్లవాడికి కూడా వచ్చే ఈ గ్రాంటుకు అది లేదు.

ఈ గ్రాంటు పనిచేసే తీరు కొంచెం వేరు. ముందుగా ఇవ్వరు, పిల్లలు తరగతి పాసైన తరువాత, మార్కుల జాబితా జతచేసి, ముగిసిన ఆ విద్యా సంవత్సరానికి దరఖాస్తు చేయాలి. అందుకు ఇచ్చే వ్యవధి కొన్ని నెలలే. రాష్ట్రం నుంచి గానీ, ప్రస్తుతం చేస్తున్న ఉద్యోగంలో యజమాని నుంచి గానీ చదువు భత్యం తీసుకుంటున్నవారికి ఇది రాదు. విరమణ తరువాత బ్యాంకులోనో ప్రభుత్వరంగ సంస్థలోనో రెండో ఉద్యోగంలో చేరినవారు ఈ షరతును గమనించుకోవాలి.

ఇక్కడే రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రస్తావన రావాలి. దాని ఆదాయ పరిమితి ఏడాదికి 2,50,000 రూపాయలు. నెలకు లెక్కిస్తే 20,833. పింఛను, దాని మీద కరువు భత్యం కలిసి ఆ అంకె దాటితే చాలు, కుటుంబం పరిమితి బయటకు వెళుతుంది. సొంత వ్యాపారం చేసుకునేవారి ఆదాయం అంచనా మీద నడుస్తుంది. సైనికుడి పింఛను ప్రతి పైసా బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. పదిహేడు, ఇరవై ఏళ్లు సరిహద్దులో గడిపి నలభై ఏళ్ల వయసుకే ఇంటికి వచ్చిన మనిషికి, పిల్లలు ఇంటర్‌కు చేరే నాటికి ఉన్న ఏకైక ఆధారం ఆ పింఛనే అయినప్పుడు, దాన్ని ఇంత కచ్చితంగా లెక్కగట్టి పక్కన పెట్టడం న్యాయమనిపించదు. కేంద్రం ఇచ్చే 30,000 లేదా 36,000 రూపాయలు ఈ లోటును కొంత పూడుస్తాయి, అదీ వస్తే. రాకపోతే పూర్తి ఫీజు ఆ కుటుంబం మీదే పడుతుంది. మాజీ సైనికుల పింఛనుకు ఈ పరిమితిలో ప్రత్యేక సడలింపు ఇవ్వమని రాష్ట్రాన్ని అడగడం సబబైన కోరిక.

ఇదే కుటుంబం వెనుకబడిన తరగతికి చెందినదైతే కేంద్ర సంస్థల్లో లెక్క మరోలా ఉంటుందన్నది చాలామంది మరచిపోతారు. ఓబీసీల్లో స్థితిమంతులను రిజర్వేషను నుంచి తప్పించే క్రీమీలేయర్ నియమాల్లో సాయుధ దళాలకు గీత కల్నల్ హోదా దగ్గర గీశారు. పింఛను 2,50,000 దాటి రాష్ట్ర రీయింబర్స్‌మెంట్‌కు దూరమైన సుబేదారు గారి పిల్లలు కూడా, ఇంట్లో వేరే పెద్ద ఆదాయ వనరులు లేకపోతే, కేంద్ర విద్యాసంస్థల్లో నాన్ క్రీమీలేయర్ కిందే వస్తారు. ఆ ధ్రువపత్రం విడిగా తీసుకోవాలి.

పోరులో మరణించిన, కనిపించకుండా పోయిన, శాశ్వత వికలాంగులైన సైనికుల పిల్లలకు ఉన్న ఏర్పాటు వీటన్నిటికన్నా భిన్నం, ఉదారమైనది. 1971 యుద్ధం తరువాత, 1972 నుంచి అమలులో ఉంది. డిగ్రీ వరకు ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. పుస్తకాలకు, యూనిఫాంకు నిర్ణీత మొత్తం ఇస్తుంది. 2017 జూలై నుంచి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టినప్పుడు దేశమంతటా నిరసన వచ్చింది. 2018 మార్చిలో దాన్ని ఎత్తేశారు. ఈ సొమ్ము సంబంధిత సేనా విభాగం నుంచే వస్తుంది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో చదువుతుండాలన్నదే ముఖ్యమైన షరతు.

ఇక సీట్ల సంగతి. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సాయుధ దళాల సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు కేటాయిస్తారు. అందరూ క్యాప్ కోటా అనేది దీన్నే. ఎచ్చెర్ల మండలంలో ఉన్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీతో సహా, రాష్ట్రంలో ట్రిపుల్ ఐటీలను నడిపే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లోనూ ఈ వర్గం ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశ నియమాలు ఇక్కడ సేవలో ఉన్నవారినీ, విరమించినవారినీ మాత్రమే కాక బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ సిబ్బంది పిల్లలను కూడా కలుపుకున్నాయి. పైన చెప్పిన ముగ్గురిలో రెండో వ్యక్తి కూతురు సైనిక్ బోర్డు వేతనానికి అర్హురాలు కాకపోయినా, క్యాప్ సీటుకు పోటీ పడగలదు. ఒకచోట కాదన్నారు కదా అని రెండోచోట అడగకుండా ఊరుకున్నవారు నష్టపోతారు. ఈ కోటాలో కూడా ర్యాంకు ఒక్కటే చూడరు; పోరులో మరణించినవారు, వికలాంగులైనవారు, పతకాలు పొందినవారి పిల్లల తరువాతే మిగిలినవారి వంతు. అర్హతను తేల్చడానికి విజయవాడలో ప్రత్యేకంగా ధ్రువపత్రాల పరిశీలన జరుపుతారు. దానికి విరమణ నాడు సైన్యం ఇచ్చే డిశ్చార్జి పుస్తకం, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు అసలు ప్రతులతోనే వెళ్లాలి. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి వెళ్లి, ఒక్క కాగితం జిరాక్సు మాత్రమే తెచ్చుకున్నందుకు వెనుదిరిగితే మళ్లీ వెళ్లే వ్యవధి ఉండదు.

సీటు విషయంలో సైనిక కుటుంబాలను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. శ్రీకాకుళం, విజయనగరం ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఈ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా పరిగణిస్తారు. తండ్రి వెంట జమ్మూలో ఐదో తరగతి, జోధ్‌పూర్‌లో ఎనిమిది, తేజ్‌పూర్‌లో పది చదివిన పిల్ల పుట్టిన ఊరు నరసన్నపేట అయినా, తాతముత్తాతల భూమి అక్కడే ఉన్నా, సీట్ల లెక్కలో ఆమె స్థానికురాలు కాకుండా పోవచ్చు. అలాంటివారికి మిగిలేది 15 శాతం అన్‌రిజర్వుడు భాగం. దానిలో అర్హతకు ఉత్తర్వుల్లోనే ఒక వెసులుబాటు ఉంది: రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే చాలు. సైన్యంలో చేరకముందు సొంత ఊళ్లో గడిపిన బాల్యమంతా ఆ పదేళ్ల లెక్కకు పనికివస్తుంది. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రంతో దాన్ని నిరూపించుకోవాలి. క్యాప్ వర్గం ఉన్నంత మాత్రాన స్థానికత నిబంధన తొలగిపోదు. రెండూ కలిసే పనిచేస్తాయి.

అందుకే పెద్దపిల్ల తొమ్మిదో తరగతికి వచ్చే సరికి భర్తను యూనిట్‌లో వదిలి, విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని పిల్లలతో ఉండే ఇల్లాళ్లు కనిపిస్తారు. ఈ నాలుగేళ్ల నియమం గురించి తెలిసి కొందరు, అత్తమామలను చూసుకోవడానికి మరికొందరు అలా వస్తారు. దేశం అవసరం కోసం మూడేళ్లకోసారి ఊరు మారిన కుటుంబానికి ఆ మార్పే సొంత జిల్లాలో అడ్డుగోడ కావడం బాధాకరం. సైనికుల పిల్లలు బయట చదివిన సంవత్సరాలను సొంత జిల్లాలో చదివినట్టుగానే లెక్కించే సవరణ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాఠశాల స్థాయిలో మన ప్రాంతానికి ఉన్న పెద్ద ఆస్తి విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాల. 1962 జనవరి 18న, విజయనగరం మహారాజు పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో మొదలైంది. సైనిక పాఠశాల అంటే సైనికుల పిల్లల కోసమే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం పోగా మిగిలిన సీట్లలో 25 శాతం మాత్రమే సేవలో ఉన్న, విరమించిన సైనికుల పిల్లలకు. 100 సీట్లు అనుకుంటే అది 12 లేదా 13. ఆరు, తొమ్మిది తరగతుల్లోకి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు. 2021-22 నుంచి అమ్మాయిలకూ అవకాశం వచ్చింది. ఆరో తరగతి పరీక్షను తెలుగులో రాయవచ్చు, తొమ్మిదో తరగతిది ఇంగ్లిషులోనే. ఊరి బడిలో తెలుగులో చదువుతున్న పిల్లలకు ఆరో తరగతి ప్రవేశమే అనువైన దారి అని దీన్ని బట్టి అర్థమవుతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో మాజీ సైనికుల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలతో సమానంగా మొదటి ప్రాధాన్యం ఉంది.

ఇన్ని పథకాల్లోనూ చివరికి దరఖాస్తు నిలిచేదీ పడిపోయేదీ ఒకే చోట, డిశ్చార్జి పుస్తకంలో కుటుంబ వివరాలు రాసిన పేజీ దగ్గర. భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, వాటిని నమోదు చేస్తూ యూనిట్ వెలువరించిన అధికారిక ఉత్తర్వు, అంటే పార్ట్ టూ ఆర్డర్ నంబరు ఆ పేజీలో ఉంటాయి. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి యూనిట్‌లో ఇచ్చిన పేరు అప్పలనర్సమ్మ. బడిలో చేర్చేటప్పుడు పెట్టింది నవ్యశ్రీ. సైనిక రికార్డులో ఇంటిపేరు చివర ఉంటుంది లేదా అసలు ఉండదు, పదో తరగతి మెమోలో ముందుంటుంది. భార్య పేరు ఆధార్‌లో లక్ష్మి, సైనిక రికార్డులో లక్ష్మీదేవి. బడిలో వేసిన పుట్టిన తేదీ, రికార్డులోని తేదీ రెండు నెలలు తేడా. కంప్యూటర్‌కు ఇవి ఇద్దరు వేర్వేరు మనుషులు. సేవలో ఉండగా దీన్ని దిద్దుకోవడం తేలిక: జనన ధ్రువపత్రం జతచేసి యూనిట్‌లో దరఖాస్తు ఇస్తే పార్ట్ టూ ఆర్డర్ వెలువడుతుంది. విరమణ తరువాత అదే పని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు వెళ్లాలి. ఆర్టిలరీ వారికది నాసిక్ రోడ్డు, సిగ్నల్స్ వారికి జబల్పూర్, మద్రాస్ రెజిమెంట్ వారికి వెల్లింగ్టన్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళం) వారికి సికింద్రాబాద్. అఫిడవిట్, మెమో నకలు, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు పంపి జవాబు కోసం ఎదురుచూడాలి. విరమణ తరువాత పుట్టిన పిల్లల పేర్లు అసలు ఆ పుస్తకంలో ఉండవు కనుక వారినీ ఇదే దారిలో చేర్పించుకోవాలి.

మన రెండు జిల్లాలకు 2022 ఏప్రిల్ 4 తరువాత మరో చిక్కు వచ్చింది. ఆ రోజు జరిగిన పునర్విభజనలో రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ వైపు మండలాలు, పార్వతీపురం ప్రాంతం కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. ఈ ఊళ్లవారి డిశ్చార్జి పుస్తకంలో ఒక జిల్లా, ఆధార్‌లో మరో జిల్లా కనబడుతుంది. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, పిల్లల నివాస ధ్రువపత్రం నాలుగింటిలోనూ ఇప్పటి జిల్లా పేరే ఉండేలా సరిచూసుకోవాలి. పుస్తకంలో పాత జిల్లా ఉన్నందుకు కంగారు పడనక్కరలేదు గానీ, రెండూ ఒకే ఊరని చూపే కాగితం దగ్గర ఉంచుకోవాలి. పేర్ల సవరణకు రికార్డు ఆఫీసు నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది కనుక, కౌన్సెలింగ్ ప్రకటన కోసం ఆగకుండా పిల్లలు పదో తరగతిలో ఉన్నప్పుడే, మెమోలో పేరు ఖరారయ్యే ముందే, ఆ పేజీని ఒకసారి తెరిచి పోల్చి చూసుకోవాలి.